చిటికెడు ఉప్పు

మంగళవారం, రాత్రి

ఇవాళ కడుపు మండిపోయింది. రాస్తే చల్లారుతుందేమోనని కూర్చున్నాను.

ల్యాబ్‌లో నా పరిశోధనంతా కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులతోనే. వాటిలో సగం ప్లస్ ఛార్జ్‌వి, సగం మైనస్‌వి. నీళ్లలో కలిపితే ఒకదాన్నొకటి లాక్కుని, వాటంతటవే వరుసలుగా కూర్చోవాలి. నేను కలిపినప్పుడల్లా ముద్దకట్టేవి. ఉప్పుంటే ఛార్జ్ బలం తగ్గిపోతుందని, అది అనేదే లేకుండా కడిగి కడిగి చూసేదాన్ని. నిన్నగాక మొన్న ల్యాబ్‌లో చేరిన శ్రావణి ఇవాళ పోయి పోయి అందులో చిటికెడు ఉప్పు వేసింది. దాంతో లాగుడు మెత్తబడింది. తప్పుచోట అతుక్కున్నవి విడిపోయి మళ్లీ తమ చోటు వెతుక్కున్నాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే అచ్చం ముగ్గు చుక్కల్లా ఉన్నాయి.

మా గైడ్ సార్ చాలాసేపు చూసి, "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నారు. ఇన్నేళ్లలో నన్నెప్పుడూ "మీరు" అనే పిలిచారాయన. చుక్కలు ఆమెకే ఉండనీ, ఆ "బిడ్డా" మాత్రం నాది కావలసింది.

మధ్యాహ్నం శ్రావణి కాశిబుగ్గలోని తన ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పి, ఎప్పటిలాగే నాకూ పప్పన్నం పెట్టింది.

"అమ్మ పప్పుల ఉప్పు మర్చిపోయిందక్కా. జర ఏస్కో" అంటూ క్యాంటీన్ ఉప్పు డబ్బా నా వైపు జరిపింది. ఆమె మొహంలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

"నాకు సరిపోయింది" అని ఆ చప్పిడి పప్పు మొత్తం తిన్నాను.