తెలియక తాగిందని రాసిచ్చాను

అక్కా,

దండం. బాగున్నావా అని అడగడానికి లేదు. నువ్వు పోయి రేపటికి నాలుగు నెలలు. తెలంగాణ ఇంకా రాలేదు, కోరుట్ల శిబిరంలో దీక్షలు ఆగలేదు, నా నోరు మూతపడలేదు. ఇవన్నీ నువ్వు ఊహించేవే...

ఊహించనిది ఒకటుంది. నీ మీద ఒక అబద్ధం రాసిచ్చాను. కింద సంతకం కూడా పెట్టాను. మొదటి నుంచి చెబుతాను, మధ్యలో తిట్టకు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో ఇచ్చిన నొప్పి గోలీలు అయిపోయిన రోజులు గుర్తున్నాయి కదా? సమ్మెకు బస్సులు బంద్. ఆ గోలీలు కోరుట్లలో దొరకలేదు, జగిత్యాలలో దొరకలేదు. రొమ్ములో పుట్టిన గడ్డ ఎముకల్లోకి దిగింది. నువ్వు దిండు అంచు కొరుక్కుంటూ పడుకునేదానివి. అప్పుడు నేను సిరిసిల్ల నుంచి చందుర్తి మీదుగా ట్రాలీ ఆటోలో వచ్చాను. చేతిలో కండెల డబ్బా. పైన నూలు కండెలు, కింద గుప్పెడు గంజాయి. దారిలో పోలీసులు ఆపారు. వాళ్లు వెతికేది ఉద్యమం వాళ్ల కోసం. మూత తీసి చూసి, సాంచాల మీద, మరమగ్గాల మీద పనిచేసేవాడినని వదిలేశారు. పోలీసు ముందు నాకు ఒక్క వెటకారం కూడా తోచకపోవడం అదే మొదలు.

నీ దగ్గర మాత్రం ఏమీ దాచలేదు. ఇది గంజాయి, దొరికితే జైలు అన్నాను. చిటికెడు తీసి వాసన చూశావు. "ముప్పై ఏండ్ల సంది ఊరందరికీ బీడీలు చేసిన తమ్మీ, ఒక్కటన్న నోట్ల పెట్టలే. ఇగ పెడత తియ్" అన్నావు.

చాట ఒళ్లో పెట్టుకొని నువ్వే చుట్టావు. రెండు దమ్ములకే దగ్గి, నన్నూ మన అయ్యనూ కలిపి తిట్టావు. కాసేపటికి దిండు వదిలేశావు. అన్నం అడిగావు. "నొప్పి పోలే తమ్మీ... జర పక్కకు జరిగి కూసున్నది" అన్నావు. ఆ తర్వాత పదకొండు రోజులు బతికావు. ఆ పదకొండు రోజులూ నిద్రపోయావు. నాకది చాలు.

కానీ నీ చెయ్యి ఉందే, అది ఊరుకుందా? ఆ గంజాయి బీడీలను కూడా అదే పొడుగు చేశావు, మూతి అట్లాగే మడిచావు, కంపెనీ దారమే చుట్టావు. ఇరవై అయిదు కాగానే కట్ట కట్టేశావు. గంజాయిని కూడా కొలత తప్పకుండా కట్ట కట్టే మనిషిని నేను ఇంకెక్కడ చూడాలి? దినాలు అయ్యాక నీ బిడ్డ సునీత ఇంట్లో ఉన్న బీడీలన్నీ గంపలో సర్ది, కంపెనీ తరఫున బీడీలు తీసుకునే టేకేదారుకు ఇచ్చి వచ్చింది. నువ్వు దాచుకున్న కట్ట కూడా దానికి తెలియకుండానే వాటిలో పోయింది.

టేకేదారు మల్లేశం కట్ట విప్పి వాసన చూశాడట. ఎవరి చెయ్యో అడగాల్సిన పనే లేదు, నీ ముడి ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు. నీ బీడీ కార్డు సునీత పేరుకు మార్చే కాగితాలు అక్కడే ఆపేశాడు. కార్డు లేకపోతే ఆకూ లేదు, తంబాకూ లేదు, రేపటికి పీఎఫ్ కూడా లేదు. సునీతను ఏమీ అడగకుండా నన్ను పిలిపించాడు.

ఆయన చెడ్డవాడు కాదక్కా, భయపడ్డాడు. కంపెనీకి తెలిస్తే ఆయన దగ్గర బీడీలు చేసే ఆడవాళ్లందరికీ పని పోతుంది. దారి కూడా తనే చెప్పాడు. "నీ తమాషాలు ఊరందరికీ ఎరుకే. ఆకుల మందని చెప్పి తాపిన, మా అక్కకు తెల్వదు అని రాయి. పిల్లకు కార్డు ఇప్పిస్త."

నమ్మరేమో అనుకున్నావా? ఢిల్లీ వాళ్లు రాష్ట్రం ఇచ్చేశారని శిబిరంలో చెప్పి అందరితో పటాకులు కాల్పించినవాడిని. అట్లాంటివాడు చావబోతున్న అక్కతో కూడా ఆటలాడాడంటే ఎవరు కాదంటారు? నా ఏడో తరగతి రాతతో రాసిచ్చాను. వారం తిరగకుండా కార్డు వచ్చింది. నీ పేరు చెడలేదు, పిల్లకు పని దొరికింది, నాకు ఒక పేరు ఎక్కువైంది. గెలిచాననే అనుకున్నాను...

ఆ మాట ఎట్లా పొక్కిందో తెలియదు, ఊరి నోట్లో నా తమాషాల్లో ఒకటిగా కలిసిపోయింది. మొన్న శిబిరంలో కూర్చుని ఉంటే, రిటైరైన సారు ఒకాయన పేపరు చదువుతూ, కొన్ని దేశాల్లో గంజాయిని డాక్టరు చీటీ మీద ఇస్తున్నారట అన్నాడు. మన రాష్ట్రం మనకొస్తే మనమూ రోగులకు ఇవ్వాలన్నాడు. అంతే, జై తెలంగాణ పక్కకు పోయింది. రోగులకే ఎందుకు, అందరికీ ఇవ్వాలి, బ్రాందీ దుకాణాలకు సర్కారే వేలం వేస్తలేదా అని ఒకడు. మందు కలిపిన కల్లు కంటే అదే నయమని ఇంకొకడు. పెనిమిటిని తాగుడుకు పోగొట్టుకున్న ఒకావిడ లేచి, ఇంకో దుకాణం తెరిస్తే ముందు తానే తగలబెడతానంది.

నన్నడిగారు. నాకు ఆవిడ మాటే నచ్చింది. నేనూ ఒకసారి తాగి చూశాను కదా, గోడను చూసి గంటసేపు నవ్వాను. అట్లా నవ్వేవాడిని సాంచా ముందు నిలబెడితే వేళ్లు మిగులుతాయా? సరదా కోసం అమ్మొద్దన్నాను. కానీ రోగికి... అని ఇంకా నోరు తెరవనేలేదు, ఆర్‌ఎంపీ అందుకున్నాడు. "ఏ రోగి కావాలని తాగుతది? వీళ్ల అక్కకు వీడు మోసం చేసి తాపిండు. గదే రుజువు" అన్నాడు. అందరూ నవ్వారు.

నా అబద్ధం నా ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పింది అక్కా.

అక్కడి నుంచి లేచి వస్తుంటే ఒకాయన వెంట వచ్చాడు. రఫీక్ భాయ్. జగిత్యాలలో కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. భార్యకు నీ జబ్బే, నీలాగే ఎముకల్లోకి దిగింది. "నిజం చెప్పు భాయ్. మీ అక్క తెలిసే తాగిందా? నొప్పి తగ్గిందా?"

నిజం చెబితే ఆ కాగితం చెల్లదు. కాగితం చెల్లకపోతే కార్డు? తమాషాకు చేశాను భాయ్ అన్నాను. ఆయన నవ్వలేదు. తల ఊపి, జేబులోంచి ఆమె దవాఖాన చీటీ తీసి, మళ్లీ మడిచి పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆమె ఇప్పుడు దిండు కొరుకుతూ ఉంటుందా?

రెండు రోజులు అన్నం దిగలేదు. ఇవాళ సునీత ముందు కూర్చుని అంతా చెప్పేశాను. మీ అమ్మకు తెలియదని రాసింది అబద్ధం బిడ్డా, తెలిసే తాగింది అన్నాను. అది తల ఎత్తలేదు. ఆకు కత్తిరిస్తూనే ఉంది.

"నాకు ఎరుకే మామా. అమ్మ అడిగితే ఆ ఆకు నేనే కత్తిరించి ఇచ్చిన."

ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరం నీ పేరు కాపాడుతున్నామన్నమాట... ఆ అబద్ధం మీదే దానికి కార్డు వచ్చిందని, నోరు విప్పితే అది పోతుందని చెప్పాను. "పోతే సిరిసిల్లకు వచ్చి కండెలు చుట్టుకుంట. అమ్మకు తెలివి లేదని ఎందుకు రాసినవ్?" అంది. నీ గొంతే అక్కా, అచ్చంగా నీ గొంతే.

రేపు పొద్దున ఇద్దరం టేకేదారు దగ్గరికి పోతున్నాం, ఆ కాగితం వెనక్కి ఇమ్మని. మిగతావాళ్ల పని చెడకుండా ఏం చెప్పాలో సునీత ఆలోచించింది, నేను ఆలోచిస్తే ఏమవుతుందో దానికి తెలుసు. తర్వాత జగిత్యాల. అక్కడి నుంచి ఇంటికి వస్తానో, ఠాణాకు పోతానో చెప్పలేను.

మాట ఇస్తున్నాను అక్కా. రఫీక్ భాయ్ అడిగిన రెండింటికీ జవాబు చెప్పే తిరిగి వస్తాను.

తెలిసే తాగింది. తగ్గింది.

నీ తమ్ముడు,
నర్సయ్య