పక్కసీటు దీపం

అమ్మకు,

నీ చిన్నోడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, అక్క, చంటిది కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను, నా వంట నేనే తినాలి కాబట్టి కాస్త తక్కువగా. మోకాలు ఫరవాలేదు. సొంతంగా కడుతున్న కారు ఎంతవరకు వచ్చిందన్నావు. చట్రం వెల్డింగ్ అయింది, ఇంజన్ కూర్చుంది. ఇక వైరింగే. పాత కారులోని తీగల కట్ట మొత్తం ఊడదీసి షెడ్డులో నేలమీద పరిచాను. విప్పిన జడలా పాయలు పాయలుగా ఉంది. ఏసీ, అద్దాల మోటార్లు, రేడియో నాకు అక్కర్లేదు. వాటి తీగలను ఒక్కొక్కటే చివరిదాకా పట్టుకుని వెళ్ళి, చీటీ అంటించి, తీసేస్తున్నాను. ఇంజన్‌కీ లైట్లకీ కావలసినవి మిగిలితే చాలు.

పోయిన సోమవారం మధ్యాహ్నం మిగిలిన తీగలకు మీటర్ల పలక తగిలించి బ్యాటరీ కలిపాను. ఎర్రదీపం ఒకటి వెలిగింది. డ్రైవరు పక్కసీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వెలిగేది. షెడ్డులో అసలు సీట్లే లేవమ్మా.

వీధి చివరి ఎలక్ట్రీషియన్ బాబాయిని పిలిచాను.

"సీటు తీగ తెగితే అలాగే వెలుగుతుందిరా. దానికి అంతా అనుమానమే, మీ పిన్నిలాగా. మొదలంటా పీకెయ్" అన్నాడు.

పీకేశాం. వెలుగుతూనే ఉంది. పలక విప్పి బల్బే తీసేశాడు. ఖాళీ గూట్లో మళ్ళీ ఎర్రగా వచ్చింది. బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. బ్యాటరీ తీగ లాగేశాడు. ఆరలేదు.

"ఎవరి బండిరా ఇది?" అన్నాడు మెల్లగా.

నేను చెప్పలేదు. పనిముట్లు వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంతవరకు వాటికోసం రాలేదు.

నీకు చెబుతున్నాను. అది అన్నయ్య బండి. తుక్కుకి వేసేశానని అబద్ధమాడాను. అన్నయ్య పోయిన రోజు బండిలో తనొక్కడే లేడమ్మా. పక్కన నేనున్నాను. మాటామాటా పెరిగింది. స్టీరింగ్ లాగింది నేనే. బండి కల్వర్టు గోడకి గుద్దుకుంది. అన్నయ్య కాళ్ళు ఇరుక్కుపోయాయి, స్పృహ మాత్రం ఉంది.

"నాకేం కాలేదురా. నువ్వెళ్ళి ఎవర్నైనా పిలుచుకురా" అన్నాడు.

బెల్టు విప్పుకుని పరిగెత్తాను. రోడ్డుమీద మనుషులు కనిపించారు. నేను చేసిన పని బయటపడుతుందని తల వంచుకుని వాళ్ళని దాటి వచ్చేశాను. ఇంటికొచ్చి, మెట్లమీద పడ్డానని చెప్పాను. లారీవాళ్ళు అన్నయ్యని చూసేసరికి రెండు గంటలపైనే గడిచిపోయిందట. నువ్వు నా మోకాలికి కాపడం పెడుతుండగా కబురొచ్చింది.

నిన్న ఆ దీపం ముందు కూర్చుని ఇదంతా పైకి చెప్పాను. ఆరలేదు.

గురువారం బస్సుకి వస్తున్నాను. అక్కకి నేనే చెబుతాను. అటునుంచి పోలీసు స్టేషనుకి వెళతాను. నువ్వు తలుపు తీయకపోతే గుమ్మంలోనే కూర్చుంటాను.

ఒక్కటి మాత్రం నువ్వు అడిగేలోపే రాసేస్తున్నాను. నేను వెళ్ళిపోతుంటే అన్నయ్య వెనకనుంచి పిలిచాడు. నన్ను కాదు. నిన్ను.

ఇట్లు,
నీ చిన్నకొడుకు