బేసిన్‌లో మెరుపులు

ఆదివారం రాత్రి

బీచ్ రోడ్డులో ఆయిల్ ప్రెషర్ దీపం ఎర్రగా వెలగగానే రమ కారు ఆపేసింది. డ్రైవింగ్ ఈమధ్యే నేర్చుకుంది. "ఇంజిన్ పోతే ఇంక స్టీరింగ్ ముట్టుకోనండీ" అంది.

జాలరిపేట మెకానిక్ అప్పన్న వచ్చి లీకు సరిచేశాడు. మిగిలిన ఆయిల్ బేసిన్‌లోకి దించాడు. అందులో లోహపు పొడి కనిపిస్తే బేరింగులు అరిగి ఇంజిన్ పోయినట్టే. నల్లటి ఆయిల్‌లో వెండి మెరుపులు నెమ్మదిగా తిరుగుతున్నాయి. రమ వైపు చూడలేకపోయాను.

అప్పన్న ఒకదాన్ని వేళ్లతో నలిపి నవ్వాడు. "సేప పొలుసు బావా. మా ఆవిడ సేపల బేసినిది."

ఫిల్టర్ కోసి చూపించాడు. శుభ్రంగా ఉంది. కొత్త ఆయిల్ పోశాక దీపం ఆరింది.

ఇంటికి రమే నడిపింది. పక్కన సాయంత్రపు సముద్రం నిండా అవే మెరుపులు. నేను ఇంజిన్ చప్పుడే వింటూ కూర్చున్నాను. ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది...