కుట్టుమిషను మీద బారు

నరసన్నపేట,
సోమవారం.

ఝాన్సీకి నీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. కాబోయే కానిస్టేబులుని ఆశీర్వదించేవాడు వచ్చాడని నవ్వకు. ఇక్కడ అమ్మ, నేను, గేదె అందరం బాగున్నాం. అక్కడ పరేడులో నీ కాలి బొబ్బలు మానాయని తలుస్తాను. ఆదివారం నీకు ఫోను ఇచ్చే పది నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

అడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్య. మినుములు అమ్మ ఎండబెట్టింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంచానా అన్నావు. దాని దగ్గరికే వస్తున్నాను.

మీ నాన్న నాకు ముందు మేనమామ, ఆ తరవాతే మామగారు. మా నాన్న పోయాక నన్ను వేలు పట్టుకుని బడికీ పొలానికీ తిప్పినవాడు. ఆదివారం మధ్యాహ్నం మన అరుగు మీద ఇద్దరం చెరో గ్లాసుతో కూర్చోవడం నీకు తెలిసిందే, తిట్టేదానివి కూడా. అలాంటిది మూడు నెలలుగా మావ ఇటు రావడం లేదు. ప్రతి ఆదివారం బస్సెక్కి విజయనగరంలో మీ అక్క విశాలి ఇంటికి పోతున్నాడు.

ఎందుకో ఫ్యామిలీ గ్రూపులో ఫొటో చూశాక అర్థమైంది. మా తోడల్లుడు ధనరాజు ఇంట్లోనే బారు కట్టించాడు. టేకు బల్ల, తలకిందులుగా వేలాడే గ్లాసులు, గిరగిరా తిరిగే స్టూలు. ఆ స్టూలు మీద మావ, చేతిలో గ్లాసు. కుళ్ళుకున్నాను ఝాన్సీ. దాపరికం ఎందుకు, ఆ పూట అన్నం సహించలేదు.

నేనూ పెడతాననుకున్నాను. గోడకి రెండు యాపిల్ పెట్టెలు మేకులతో కొట్టాను, అవే అలమరలు. గ్లాసులు సంతలో అరడజను కొన్నాను. ఐసుకి నీ టిఫిను డబ్బా. చేతిలో డబ్బుకి బ్రాందీ ఒక్క సీసాయే వచ్చింది. అందుకని ఖాళీ సీసాలు నాలుగు అడిగి తెచ్చి, టీ డికాక్షను నింపి వరసగా నిలబెట్టాను. దూరం నుంచి చూస్తే ధనరాజు బారుకి ఏమీ తీసిపోదు. బల్ల ఒక్కటే కుదరలేదు. నీ మిషను విప్పి మంచం కింద పెట్టి, దాని స్టాండు మీద పాత తలుపుచెక్క వేశాను. ఇదే పెద్ద తప్పనుకుంటున్నావు కదూ, ఆగు.

కిందటి వారం మావని పట్టుబట్టి రప్పించాను. చుట్టూ చూసి బాగుందన్నాడు, జీడిపప్పు తిన్నాడు, గ్లాసు మాత్రం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. పొరుగింటి పుల్లకూరే రుచా మావా, మేనల్లుడు పోస్తే చేదా అన్నాను. మావ నా మొహంకేసి చూసి, గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. తరవాత ఆ గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

"లివరు పాడైనాదని డాక్టరు సెప్పి మూడు నెల్లైనాదిరా. అప్పట్నుంచి సుక్క ముట్టనేదు. ఆ పొటోలోది నిమ్మరసం. ధనరాజు కాడ ఎన్ని సీసాలున్నా నాకు తాగబుద్ధవదు. నీ పక్కన కూకుంటే మాత్రం ఆగలేను. అందుకే రాడం మానీసినాను" అన్నాడు.

నీ ట్రైనింగు పాడవుతుందని నీకు చెప్పొద్దని మీ అక్క చేత ఒట్టు వేయించుకున్నాడట. నా చేతా వేయించుకోబోయాడు, నేను వెయ్యలేదు. మూడు నెలలు ఆయన కాపాడుకున్నది నా కుళ్ళు వల్ల పోయింది. అది నీకు చెప్పకుండా ఉండలేను. మర్నాడే డాక్టరుకి చూపించాం. ఇకమీద ముట్టకపోతే భయం లేదన్నాడు. నువ్వు కంగారుపడి సెలవు పెట్టకు.

సీసాలన్నీ పారబోశాను, డికాక్షనుతో సహా. మిషను మళ్ళీ బిగించి దుప్పటి కప్పాను.

నిన్న ఆదివారం పొద్దున మావ వీధి మలుపులో కనిపించాడు. నేను బాధపడుతున్నానని కాబోలు, మన ఇంటికే వస్తున్నాడు. నేనే ఎదురెళ్ళి, మిగిలిన జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి, విజయనగరం బస్సెక్కించాను. కిటికీ పక్క సీటు కూడా చూసి కూర్చోబెట్టాను. బస్సు కదిలాక కుళ్ళు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. వచ్చే ఆదివారం కూడా నేనే ఎక్కిస్తాను.

ఇట్లు,
నీ బావ,
ఉపేంద్ర.