బావకు చుట్టిచ్చిన రాగి గొట్టం

మంగళవారం, రాత్రి

సారా కాచుకోవడానికి గొట్టం కావాలని సుబ్బయ్య బావ అడిగితే, నా రిపేరు షెడ్డులో మూలన పడున్న పాత స్ప్రేయరు నుంచి రాగి గొట్టం విప్పాను. లోపల ఇసుక కూరి, ఎక్కడా సొట్ట పడకుండా చుట్టలు చుట్టాను. చింతపండు పెట్టి తోమితే తళతళా మెరిసింది. ఎన్నేళ్ళు పత్తి చేలకు పురుగుమందు కొట్టిన గొట్టమో అది!

"ఎక్కడిదిరా ఇది?" అన్నాడు బావ.

"పాత ఫ్రిజ్జుది బావా" అన్నాను. నిజం చెబితే, అంత అందంగా చుట్టింది వద్దంటాడేమోనని.

ఇవాళ సాయంత్రం తొలి సారా దిగింది. మిరపకాయ కోతకు వచ్చినవాళ్ళంతా చుట్టూ చేరారు. "గొట్టం చుట్టినోడిదే మొదటి గ్లాసు. పట్టరా!" అని బావ నా చేతిలో పెట్టాడు. వాసన చూశాను. పురుగుమందు కంపు ఏమీ లేదు. అయినా గ్లాసు తిరిగి బావకే ఇచ్చాను.

"కడుపులో బాగాలేదు బావా."

"సరేలే, నీది కూడా నేనే కొడతా" అని నవ్వుతూ ఎత్తేశాడు. అక్క నాకు మజ్జిగ కలిపిచ్చింది. తాగి వచ్చేశాను.

అంత తోమాక ఇంకా ఏముంటుంది, ఏమీ కాదు. అంత నమ్మకమే ఉంటే ఆ గ్లాసు నేనెందుకు తాగలేదు?

వెళ్ళి నిజం చెప్పాలంటే బావ ఇల్లు ఈ వీధి చివరే. సైకిలు కూడా అరుగు పక్కనే ఉంది. నేనింకా కూర్చుని రాస్తూనే ఉన్నాను.