కాడికి రెండు ఎద్దులు

కొంటా, బస్తరు సంస్థానం
విక్రమ నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ దశమి

చిరంజీవి తమ్ముడు శ్రీరంగానికి పెద్దక్క మంగాదేవి దీవెనలు. స్వామి దయవల్ల ఇక్కడ చిన్నా పెద్దా అందరం చల్లగా ఉన్నాం. కలకత్తాలో నువ్వూ అట్లాగే ఉన్నావని తలుస్తాను.

ముందు అసలు మాట. నీ పరీక్ష నెగ్గింది! పొద్దున పూజలో మంత్రం మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. నా వయసుకు ఇదేం సంబరమో!

"వాని గణితం ఎద్దుకు గడ్డి ఏస్తదా? అక్కరకు రాకపోతే దసరాకు వచ్చి దుకాణంల కూసోమను" అని మీ అన్న ధర్మయ్య పట్టిన పంతం నీకు తెలిసిందే. అందుకే కదా, ప్రతి కాడిలో ఒక ఎద్దుకు ఉడికించిన చింతగింజల పిండి కలిపిన కుడితి, రెండోదానికి ఉత్త కుడితి పెట్టించమన్నావు. నాట్ల దుక్కిలో ఎద్దులన్నీ చిక్కుతాయి. పిండి తిన్నది తక్కువ చిక్కుతుందా అన్నదే ప్రశ్న.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పిండి ఏ ఎద్దుకన్నది గవ్వ వేసే తేల్చాం. తన జతలో బక్కదానికే పెడతానని రైతు వెంకన్న పోట్లాడినా ఒప్పుకోలేదు. ఛాతీ చుట్టుకొలత దుక్కికి ముందు, నాట్లయ్యాక, నేనే దర్జీ టేపుతో పట్టాను. ఊరి రైతుల పది జతల్లో ఒకటి పోయింది. పొరుగు రైతు హుంగే తన ఎద్దులు రెండింటికీ పిండి పెట్టేసింది. మందలించబోతే, "ఒక్క కాడి కింద నడిచేటోళ్ళు అక్కా. ఒకదానికి పెట్టి ఒకదాన్ని వాసన చూడమంటే ఎట్ల? నీ తమ్ముళ్ళకు అట్ల పెడతవా?" అంది. రెండోసారి కొలవక ముందే ఆ జతను తీసేశాను.

ధర్మయ్య మొదట తన పద్ధతిలో లెక్క వేశాడు. తిన్నవన్నీ ఒక గుంపు, తిననివన్నీ ఒక గుంపు. చిక్కినదాంట్లో సగటున తేడా ఒక్క అంగుళం. "ఏందక్కా, గింతేనా? ముసలిదున్నది, కోడె ఉన్నది. ఎద్దుకు ఎద్దుకు నడుమనే ఆరేడు అంగుళాల తేడా. అందుల ఈ అంగుళం ఏ లెక్క?" అని నవ్వాడు.

అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ చదివాను. గుంపులు చూడకు, జతలోనే తీసివెయ్యి అన్నావు. ఒకే యజమాని, ఒకే పొలం, ఒకే గడ్డి. అవన్నీ తీసివేతలో పోయి పిండి పని మాత్రమే మిగులుతుందన్నావు. ధర్మయ్యనే కూర్చోబెట్టి తీయించాను. వెంకన్న జతలో తిననిది రెండంగుళాలు ఎక్కువ చిక్కింది. నంద జతలో ఒకటి. సమ్మక్క జతలో తిన్నదే ఎక్కువ చిక్కితే "చూసినవా!" అని తొడ చరిచాడు. ఎదురు వచ్చింది అదొక్కటే. ఒక జత సమానం. మిగిలిన ఏడూ పిండివైపే! తీసేకొద్దీ మీ అన్న గొంతు తగ్గింది.

తొమ్మిది తేడాల సగటు ఒక అంగుళం. నువ్వు రాసినట్టే ఆ తేడాలు ఎంత చెదిరాయో చూసి, సగటులో ఉండగల తప్పు కట్టి, దానితో సగటును భాగిస్తే మూడు వచ్చింది. నువ్వు పంపిన పట్టికలో హద్దు రెండుంబావు మీద కాస్త. అసలు తేడాయే లేకపోతే, హద్దు దాటడం ఇరవైలో ఒక్కసారికి మించి జరగదన్నావు. ధర్మయ్య మళ్ళీ మళ్ళీ సరిచూసి, "అక్కా, వాణ్ణి రావద్దని రాయి. సదువుకోనీ" అన్నాడు.

ఇక ఒక మాట దాచలేను. మొదట తేడా ఏమీ లేదనే అనుకో, అంకెలు కాదంటేనే ఆ మాట వదులు అన్నావు. నువ్వు అనుకోమన్నావు, నేను కోరుకున్నాను తమ్ముడూ. నాట్ల కాలమంతా దీపం పెట్టి, "తేడా ఏమీ ఉండకూడదు, మా చిన్నవాడు ఇల్లు చేరాలి" అని మొక్కాను. టేపు నా చేతిలోనే ఉంది. పిండి తిన్నదాని మీద కాస్త బిగిస్తే చాలు. బిగించలేదు.

స్వామి నా మొక్కు వినలేదు. అయినా ఇంత సంతోషం ఎందుకో తెలియదు. నిన్న మీ వదిన, దసరాకు శ్రీరంగానికి ఏం వండుదామని అడిగింది. వాడు రావడం లేదన్నాను. అంటూనే నవ్వాను, చూడు!

అక్కడే ఉండు. చదువుకో.

ఇట్లు,
నీ పెద్దక్క
మంగాదేవి