ఫోస్కో బోనులో ఒక గొర్రెను ఉంచనివ్వమని

రోకాసెల్వ మేయరు గారి సముఖమునకు, సదరు ఊరి కొండ దొడ్డికి చెందిన గొర్రెల కాపరి నికొదేమో ఫరేసె వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ ఆధీనంలోని కుక్కల షెల్టరులో ఉన్న ఫోస్కో అను తెల్ల కుక్కకు తోడుగా నా కుంటి గొర్రెను ప్రవేశపెట్టుట గురించి.

1. వేసవిలో నేను తుంటి విరిగి ఆసుపత్రిలో ఉండగా, నా బావమరిది ఎత్తోరె నా మందను మైదానం వ్యాపారికి అమ్మివేసెను. వ్యాపారి గొర్రెలను లారీ ఎక్కించుకొని కుక్కను వదిలి వెళ్ళెను. ఊళ్ళో ఇంకో మంద లేదు గనుక దాన్ని అడిగే దిక్కు కూడా లేకపోయింది. కుంటిదని వ్యాపారి వద్దన్న రొసీనా అనే గొర్రెను ఎత్తోరె తన పెరట్లో కట్టేశాడు. నేను తిరిగొచ్చాక నాకు మిగిలింది అదొక్కటే.

2. ఫోస్కో ఖాళీ దొడ్డికి కాపలా కాసెను. కొండ చూడవచ్చిన పట్నంవాళ్ళకు దారి ఇవ్వలేదన్న ఫిర్యాదుపై తమ సిబ్బంది మత్తుసూది వేసి పట్టుకొని, 'ఊరకుక్క' అని రాసుకున్నారు. అయ్యా, అది ఎవరినీ కరవలేదు. దొడ్డికీ మనుషులకూ మధ్య నిలబడింది. దాని ఉద్యోగమే అది.

3. సదరు కుక్కను నాకిమ్మని కోరగా, ఊరకుక్కగా రాసినదాన్ని డెబ్బై దాటినవారికి పెంచుకోను ఇవ్వరాదని నిబంధన చూపిరి. పోనీ గొర్రెనైనా లోపలికి పంపమంటే తమ గుమాస్తా "తాతా, ఇది కుక్కల షెల్టరు, గొర్రెల హాస్టలు కాదు. ఇవాళ గొర్రె అంటావు, రేపు దానికి గడ్డి అంటావు" అని నవ్వాడు. గడ్డి నేనే మోసుకొస్తానని మనవి.

4. కుక్క తిండి మానేసింది. అక్కడ పనిచేసే మార్తీనా మంచి పిల్ల. "మాంసం పెట్టా, పాలల్లో రొట్టె నానేసి పెట్టా. వాసన కూడా చూడట్లేదు తాతా" అంటుంది. తమకు మా పని తెలియదు గనుక విన్నవిస్తున్నాను. మా కుక్కలు గొర్రెల మధ్యే పుట్టి, వాటి వెచ్చదనంలోనే పడుకుంటాయి. వాటిని మేము ముద్దు చేయము. మనిషి చేతిని మరిగిన కుక్క మందను వదిలి పొయ్యి దగ్గరికి వస్తుంది, అప్పుడు మంద మీదికి తోడేలు వస్తుంది. అందుకని పుట్టినప్పటి నుంచీ నేను ఫోస్కో తల నిమరలేదు. నిమరాలనిపించని రోజు లేదు. మంచులో తోడేళ్ళతో కలబడి చెవి తెగి వచ్చిన రోజు కూడా, మందు పూసి వెంటనే చెయ్యి తీసేసుకున్నాను.

కావున రొసీనాను దాని బోనులో ఉంచుటకు ఆజ్ఞ దయచేయవలెను. గొర్రె కనబడితే అది తప్పక తింటుంది. కాపలా కాయాలంటే ఒంట్లో సత్తువ ఉండాలని దానికి తెలుసు. ఈ ముసలివాడి విన్నపమును కొట్టిపారేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నికొదేమో ఫరేసె

మరొక మాట: ఈ అర్జీ ఇవ్వడానికి వస్తూ షెల్టరు దగ్గర ఆగాను. ఫోస్కో లేచి వచ్చి, ఊచల సందులోంచి తన మూతిని నా అరచేతిలో పెట్టింది. మార్తీనా చప్పట్లు కొట్టింది. "చూశావా తాతా, మచ్చికయిపోయింది!"

మచ్చిక కాలేదయ్యా. గొర్రెలు ఇక రావని దానికి అర్థమైపోయింది. పని వదిలేసింది. నేను దాని తల నిమిరాను, ఏడుస్తూ నిమిరాను. రొసీనా తమ ఆఫీసు మెట్ల మీద నా పక్కనే ఉంది. రేపటిదాకా ఆగమనకండి.